మూడు సైట్లు, ఒకే ముదురెరుపు: ఉమ్మడి సీఎస్ఎస్ థీమ్ ఇలా కట్టుకోండి

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఒక కుటుంబానికి ఆరేళ్లుగా నేను వెబ్‌సైట్ పని చేసిపెడుతున్నాను. నేనుండేది రాజమండ్రిలో. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్తే వాళ్ల ఊరు. వాళ్లకి మూడు సైట్లున్నాయి. దుకాణం గురించి చెప్పే మొదటిది నేను కట్టాను. ఆర్డర్లు తీసుకునే రెండోది ఇంకెవరో కట్టారు. పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ టోకున ఆర్డర్లు తీసుకునే మూడోదాన్ని యజమాని మేనల్లుడు ఇంజనీరింగ్ సెలవుల్లో కట్టాడు. మూడూ పనిచేస్తాయి. మూడూ ఒక ఇంటివి అని మాత్రం ఎవరూ అనుకోరు.

ఒకరోజు హైదరాబాదు నుంచి ఎవరో ఆవిడ దుకాణానికి ఫోన్ చేశారట. "ఆర్డర్ నొక్కితే రంగులన్నీ మారిపోయాయండీ, ఇది మీ సైటేనా, దొంగ సైటా?" అని అడిగి, డబ్బు కట్టకుండానే పెట్టేశారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు అంత విలువ వచ్చాక కొనేవాళ్లు అనుమానించడంలో తప్పు లేదు. సాయంత్రం బాబాయిగారు (యజమానిని నేను అలాగే పిలుస్తాను) నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, మన బాక్సు రంగేంటి, అందులో రంగేంటి?" అన్నారు. అప్పుడు మొదలుపెట్టిన పని ఇది: పేజీల రంగులు, అక్షరాలు ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్ అనే భాషలో, మూడు సైట్లకీ కలిపి ఒకే థీమ్ రాయడం. మీకు రెండు సైట్లున్నా సరే, ఇదే వరసలో చేసుకోవచ్చు.

ముందు ఉన్న రంగులు లెక్కపెట్టండి

థీమ్ అనగానే కొత్త ఫైలు తెరవకండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సీఎస్ఎస్ ఓవర్‌వ్యూ అని ఒక ప్యానెల్ ఉంది. పేజీ తెరిచి దాన్ని నడిపితే ఆ పేజీ వాడుకున్న రంగులు, ఫాంట్లు వరసగా చూపిస్తుంది. నాకు మూడు సైట్లలో కలిపి ముదురెరుపులే పదకొండు తేలాయి. అందులో నాలుగు నావే! ఒకటి లోగోలోంచి తీసింది, ఒకటి ట్యూబులైటు కింద తీసిన బాక్సు ఫోటోలోంచి తీసింది, మిగతా రెండూ ఎక్కడివో నాకే గుర్తు లేదు.

అసలు రంగేదో తేల్చడానికి బాక్సులు అచ్చువేసే ప్రెస్సును అడిగితే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అని నాలుగు శాతాలు ఇచ్చారు. అది సిరా లెక్క. ఫోను తెరది వెలుగు లెక్క. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చిపెట్టే సైట్లు ఇచ్చే అంకె దగ్గరదగ్గరగా ఉంటుందే తప్ప అదే రంగు రాదు. అందుకని బాక్సును అరుగు మీద పగటి వెలుతురులో పెట్టి, పక్కన ఫోను పెట్టి, నాలుగైదు రంగులు మార్చిమార్చి చూపించి బాబాయిగారిచేత ఒకటి ఒప్పించాను. ఎరుపు 128, పచ్చ 0, నీలం 0. పసుపుకి 242, 183, 5. వెనక నేలరంగు పాలమీగడలాంటిది, 255, 248, 231. ఈ మూడూ కాగితం మీద రాసి ఆయనచేత సంతకం పెట్టించాను. నవ్వారనుకోండి, కానీ ఆ కాగితం ఇప్పటికి రెండుసార్లు అక్కరకొచ్చింది.

సంతకం కంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. ఆ రంగుల మీద అక్షరాలు కనిపిస్తాయా? వెబ్ అందుబాటు ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కి 1 చాలు. మా ముదురెరుపు మీద తెల్ల అక్షరం దాదాపు 11 వస్తుంది, దివ్యంగా ఉంటుంది. పసుపు మీద తెల్ల అక్షరం 1.8 మాత్రమే. మేనల్లుడి సైటులో "ఇప్పుడే ఆర్డర్ చేయండి" మీట సరిగ్గా అదే, పసుపు మీద తెలుపు. ఎండలో నిలబడి ఫోను చూస్తే అక్కడ మీట ఉందనే తెలియదు. అదే పసుపు మీద ముదురెరుపు అక్షరం పెడితే 6 వస్తుంది. బాక్సు మీద కూడా అలాగే ఉంది, చూడండి: పసుపు పట్టీ, దాని మీద ఎర్ర అక్షరాలు. అచ్చువేసేవాళ్లకి ఎప్పుడో తెలిసిన విషయం ఇది.

రంగుకి పేరు, పనికి వేరే పేరు

సీఎస్ఎస్ మొదటి ప్రమాణం 1996లోనే వచ్చినా, మనం పేరు పెట్టుకునే వేరియబుల్స్ పెద్ద బ్రౌజర్లన్నిట్లోకీ వచ్చేసరికి 2017 అయింది. ఉమ్మడి థీమ్ అంతా వీటి మీదే నిలబడుతుంది. పేరు ముందు రెండు అడ్డగీతలు పెట్టాలి. ఆ పేరు తెలుగులో ఉన్నా బ్రౌజరుకి అభ్యంతరం లేదు. కింది రెండు లైన్లూ రూట్ అనే రూల్ లోపల (పేజీ మొత్తానికి వర్తించే చోటు అది) పెడితే ఉన్నవి ఉన్నట్టు పనిచేస్తాయి. # తర్వాత ఉన్నది ఆ రంగు అంకెల్నే ఇంకో లెక్కలో రాసిన కోడు:

--ముదురెరుపు: #800000;
--అరటాకు: #205020;

ఇది కింది అంతస్తు, మన దగ్గరున్న రంగుల జాబితా. దీని మీద ఇంకో అంతస్తు కట్టాలి. అక్కడ రంగుల పేర్లు ఉండవు, పనుల పేర్లుంటాయి:

--శీర్షిక-రంగు: వార్(--ముదురెరుపు);
--మీట-నేపథ్యం: వార్(--ముదురెరుపు);
--లింకు-రంగు: వార్(--ముదురెరుపు);

(వార్ అంటే ఆ పేరులో ఉన్న విలువ తీసుకో అని. వార్, రూట్ లాంటివి సీఎస్ఎస్ సొంత మాటలు. ఎడిటర్లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను.) పేజీలో బటన్లకీ శీర్షికలకీ రాసే రూల్స్ అన్నీ ఈ పై అంతస్తు పేర్లనే వాడాలి, కింది అంతస్తును నేరుగా తాకకూడదు. ఎందుకంటే రేపు పెళ్లి సైటులో మీట ఆకుపచ్చది కావాలంటారు. రూల్‌లో నేరుగా ముదురెరుపు అని రాసి ఉంటే, ముదురెరుపు అనే పేరుకి పచ్చ రంగు ఇవ్వాల్సొస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఆ ఫైలు తెరిచినవాడు మనల్ని తిట్టుకుంటాడు. ఆ తెరిచేది చాలాసార్లు మనమే.

పేర్లు ఎన్ని ఉండాలి? నేను మొదట నలభై దాకా పెట్టాను. ఎవరూ వాడలేదు, నేనూ వాడలేదు. ఇప్పుడు పద్నాలుగున్నాయి: రంగుల పనులు ఎనిమిది, ఫాంట్లు రెండు, వరసల ఎడం రెండు, మూల గుండ్రం ఒకటి, ఖాళీ కొలత ఒకటి. దుకాణం సైటుకి ఇవి సరిపోయాయి.

తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. మొదట్లో నేను మీట అనకుండా బటన్ అనే రాశాను. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర, పక్క అక్షరంతో కలవకుండా, కంటికి కనబడని ఒక అక్షరాన్ని దూరుస్తాయి. థీమ్ ఫైలు ఆ కీబోర్డుతో కొట్టాను, ఆర్డర్ల సైటు ఫైలు వేరేదానితో. రెండుచోట్లా "బటన్-రంగు" అనే కనిపిస్తోంది. బ్రౌజరుకి మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. పేరు దొరక్కపోతే సీఎస్ఎస్ గొడవ చెయ్యదు, ఎర్రర్ చూపించదు, ఊరుకుంటుంది. మీట నేపథ్యం పారదర్శకమైపోయి, తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు మిగిలాయి. శనివారం సాయంత్రం, ఆర్డర్లు బాగా వచ్చే వేళ! రెండు గంటలు వెతికి, చివరికి పేరులో అక్షరాలు ఎన్నున్నాయో లెక్కపెడితే ఒకచోట ఒకటి ఎక్కువొచ్చింది. అప్పట్నుంచి పొల్లుతో ముగిసే మాటని వేరియబుల్ పేరులో పెట్టను. మీట, లింకు, శీర్షిక, అంచు: అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాల్ని సరిగ్గా దాచే పద్ధతి) దాచడం కూడా మరవకండి, లేకపోతే పేర్లన్నీ పిచ్చి గీతలైపోతాయి.

తెలుగు సైటుకి రంగుకన్నా ముందు ఫాంటు

బ్రాండింగ్ గురించి చదివితే అందరూ రంగుల దగ్గరే ఆగిపోతారు. తెలుగులో సైటు నడిపేవాళ్లకి అసలు చిక్కు అక్షరం దగ్గర. ఫాంటు చెప్పకుండా వదిలేస్తే విండోస్‌లో నిర్మలా యూఐ వస్తుంది, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో నోటో. ఒకే పేజీ మూడిళ్లలో మూడు ముఖాలతో కనిపిస్తుంది. మేము శీర్షికలకి రామభద్ర, మిగతా రాతకి నోటో సాన్స్ తెలుగు తీసుకున్నాం. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

రామభద్ర అసలే బొద్దుగా ఉంటుంది. పైగా దానికి ఒక్క బరువే (అక్షరం లావు) ఉంది. బ్రౌజర్లు శీర్షికల్ని వాటంతటవే బోల్డ్ చేస్తాయి. బోల్డ్ ఫైలు లేకపోతే ఉన్న అక్షరాన్నే లావుచేసి గీస్తాయి. "క్ష్మి" లోపలి సందులన్నీ పూడుకుపోయి నల్లటి ముద్ద అవుతుంది. అందుకని థీమ్‌లో శీర్షిక బరువు 400 (మామూలు లావు) అని తప్పనిసరిగా రాయండి. చాలా తెలుగు ఫాంట్లకి ఇటాలిక్ కూడా ఉండదు, బ్రౌజరే పక్కకి వంచేస్తుంది. ఫాంట్-సింథసిస్ అనే ప్రాపర్టీకి నన్ అని ఇస్తే ఈ రెండు దొంగపనులూ ఆగుతాయి.

వరసల మధ్య ఎడం ఇంకో సంగతి. ఇంగ్లిష్ థీమ్‌లు శీర్షికకి అక్షరం సైజుకి 1.1, 1.2 రెట్లు ఇస్తాయి. మనకి పైన గుడి ఉంటుంది, కింద వత్తు మీద వత్తు దిగుతుంది. "రాష్ట్రం" కింద "గృహిణి" పడితే రెండు వరసలూ కొట్టుకుంటాయి. నేను శీర్షికలకి 1.5, మామూలు రాతకి 1.8 పెట్టాను. మీటల్లో ఎత్తును పిక్సెళ్లలో బిగించి, మిగిలింది దాచెయ్యమని రాసిన పాత రూల్స్ ఉంటే తీసెయ్యండి. "స్త్రీలకు" అనే మాటలో కింది వత్తు సగం తెగిపోయేది అక్కడే. మేనల్లుడు శీర్షికల్లో అక్షరాల మధ్య 3 పిక్సెళ్ల ఎడం ఇచ్చాడు. ఇంగ్లిష్ పెద్దక్షరాలకి అది షోకుగా ఉంటుందేమో గానీ, తెలుగులో మాట ముక్కలుముక్కలై కనిపించింది. సున్నా చేశాను.

ధరల్లో అంకెలు ఏ ఫాంటులో ఉండాలో కూడా తేల్చుకోండి. చాలా తెలుగు ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ కూడా ఉంటాయి, తెలుగు ఫాంటు ముందు రాస్తే అవే వచ్చేస్తాయి. మాకు ధరలు సన్నగా, బిల్లులో ఉన్నట్టు కావాలి. ఫాంటు ఫైల్ని మన సర్వర్లోనే పెట్టుకుని, యూనికోడ్-రేంజ్‌లో (ఏ అక్షరాలకి ఈ ఫాంటు వాడాలో చెప్పే లైను) తెలుగు గది మాత్రమే, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, ఇస్తే అంకెలు జాబితాలోని తర్వాతి ఫాంటు తీసుకుంటుంది.

రేకు మీద రేకు

ఇప్పుడు థీమ్ ఫైలుంది, ప్రతి సైటుకీ దాని సొంత ఫైలూ ఉంది. రెండూ ఒకే మీట గురించి రెండు మాటలు చెబితే ఎవరి మాట నెగ్గాలి? పాత పద్ధతిలో ఎవరి సెలెక్టర్ (రూల్ పేజీలో దేనికి వర్తిస్తుందో చెప్పే భాగం) బరువైతే వాళ్లది. అందుకే మేనల్లుడి ఫైల్లో నలభై ఒక్కచోట ఇంపార్టెంట్ అని, అంటే నా మాటే నెగ్గాలని, అరిచి ఉంది. ఒకడు అరిస్తే పక్కవాడూ అరవాలి కదా.

2022 మొదట్లో బ్రౌజర్లన్నిట్లోకీ లేయర్లు వచ్చాయి. ఇవి అచ్చం పూతరేకు మడతలాంటివి, పై రేకే కంటికి కనబడుతుంది. మొదట్లోనే వరస ప్రకటించాలి:

@లేయర్ థీమ్, సైటు;

తర్వాత చెప్పినది పైది. థీమ్ లేయర్లో సెలెక్టర్ ఎంత బరువుగా ఉన్నా, సైటు లేయర్లో చిన్న రూల్ రాస్తే అదే నెగ్గుతుంది. ఏ లేయర్లోనూ లేని పాత రూల్స్ అన్నిటికంటే పైన కూర్చుంటాయి. అందుకే మొదటిరోజు థీమ్ పెట్టాక చాలావరకు ఏమీ మారినట్టు కనిపించదు, కంగారుపడకండి. నాకిది వరమే అయింది. నడుస్తున్న దుకాణాన్ని మూసెయ్యకుండా, పాత ఫైల్లోంచి రోజుకో ముక్క తీస్తూ పోయాను. తీసినచోట కిందనుంచి థీమ్ బయటపడేది. మూడు వారాలు పట్టింది. ఇంపార్టెంట్ ఉన్న లైన్ల దగ్గర మాత్రం వరస తలకిందులవుతుంది, కింది లేయర్ మాటే గెలుస్తుంది. కాబట్టి థీమ్‌లో ఒక్క ఇంపార్టెంట్ పెట్టినా సైట్లు దాన్ని మామూలుగా దాటలేవు. నేను అసలు పెట్టను.

సైటుకి తగ్గట్టు మార్చుకోవడం

పెళ్లి సైటు మిగతావాటికంటే కొంచెం వేరుగా ఉండాలని బాబాయిగారి కోరిక. "అరటాకు పచ్చ ఉండాలమ్మా, శుభకార్యం కదా." ఆ సైటు సొంత ఫైల్లో రూట్ కింద రెండు లైన్లు రాశాను. మీట-నేపథ్యం అరటాకు, లింకు-రంగు అరటాకు. శీర్షికలు ముదురెరుపే, ఫాంట్లు అవే, మూలల గుండ్రం అదే. మార్చొచ్చని అనుకున్న పేర్లు నాలుగే: మీట, మీట మీది అక్షరం, లింకు, పట్టీ. మిగతా పది పేర్ల జోలికి వెళ్లకూడదని ఫైలు మొదట్లో వ్యాఖ్యగా రాసి పెట్టాను. ఆపే తాళం సీఎస్ఎస్‌లో లేదు, మాట మీద నడవాల్సిందే.

ఇక్కడ నేను పడ్డ గోతిలో మీరు పడకండి. దీపావళికి దుకాణం సైటులో ఒక్క ప్రకటన ముక్క వరకే రంగు మార్చాలనుకున్నాను. ఆ ముక్కకి క్లాసు (గుర్తుపట్టే పేరు) ఇచ్చి, అందులో --ముదురెరుపుకి వేరే రంగు రాశాను. ఏమీ మారలేదు. లేయర్లు వెతికాను, క్యాషే (బ్రౌజరు దాచుకున్న పాత కాపీ) తుడిచాను. కారణం వేరు. మీట-నేపథ్యం పేజీ మొదట్లో, రూట్ దగ్గర, ముదురెరుపుని చూసుకుని తన విలువ తేల్చేసుకుంది. కిందికి వారసత్వంగా దిగేది ఆ తేలిపోయిన విలువే. మధ్యలో ముదురెరుపు మారినా అది మళ్లీ వెనక్కి తిరిగి చూడదు. అందుకని ముక్క లోపల మార్చాలంటే పై అంతస్తు పేరునే, అంటే మీట-నేపథ్యాన్నే, అక్కడ మార్చాలి. లేదా పనుల పేర్లన్నీ ప్రకటించేచోట రూట్ పక్కన కామా పెట్టి ఆ క్లాసుని కూడా చేర్చాలి, అప్పుడు అక్కడ మళ్లీ లెక్క మొదలవుతుంది.

ఒక ఫైలు, ఒక చిరునామా

థీమ్‌ని మూడు సైట్లలోకీ కాపీ చేస్తే ఏడాదిలోపు మళ్లీ పదకొండు ఎరుపులే. ఒకచోట పెట్టి మూడు సైట్లూ అక్కడినుంచే తెచ్చుకోవాలి. అయితే ఫైలు పేరులోనే సంఖ్య ఉంచండి: థీమ్-1, థీమ్-2. విడుదలైన ఫైలుని మళ్లీ ముట్టుకోవద్దు. మొదట్లో నేను ఒకే పేరుతో ఉంచి అందులోనే మార్పులు చేసేదాన్ని. కొందరి ఫోన్లలో పాతది దాచి ఉండిపోయి, సగంమందికి కొత్త మీట, సగంమందికి పాత మీట కనిపించేవి. పైగా దుకాణం సైటు కోసం చేసిన మార్పు నేను చూడకుండానే పెళ్లి సైటుకీ వెళ్లిపోయేది. ఇప్పుడు ఒక్కో సైటూ దాని వీలు చూసుకుని కొత్త సంఖ్యకి మారుతుంది.

వేరే డొమైన్ నుంచి సీఎస్ఎస్ ఇబ్బంది లేకుండా వస్తుంది గానీ ఫాంటు రాదు. ఫాంటు ఇచ్చే సర్వరు, ఫలానా సైట్లు తీసుకోవచ్చని హెడర్లో (ఫైలుతోపాటు పంపే సమాచారంలో) అనుమతి చెప్పాలి. రంగులన్నీ వచ్చి అక్షరాలు మాత్రం పాతవే ఉంటే ముందు ఇది చూడండి.

థీమ్ చేయి అందని చోట్లు కూడా ఉన్నాయి. ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టిన ఎస్‌వీజీ (ఒక బొమ్మ ఫైలు రకం) లోగోకి పేజీ వేరియబుల్స్ కనబడవు, రంగు అందులోనే రాయాలి. ఫోన్లో బ్రౌజరు పైపట్టీ రంగు చెప్పే మెటా ట్యాగ్‌కి వేరియబుల్ పేరు పనికిరాదు, అసలు అంకె ఇవ్వాలి. ఆర్డర్ ఈమెయిళ్లలోనూ నేరుగా అంకెలే రాస్తాను. డబ్బు కట్టే పేజీ మన చేతిలో లేనిది. అక్కడ లోగో, ఒక్క రంగు మార్చుకునే వీలుంటే ఆ రెండూ తప్పకుండా పెట్టండి. హైదరాబాదు ఆవిడ వెనక్కి వెళ్లిపోయింది డబ్బు కట్టబోయే ముందే. ఈ చోట్లన్నీ థీమ్ ఫైలు అడుగున వ్యాఖ్యగా రాసిపెట్టుకుంటే రంగు మారిన రోజు వెతుక్కోనక్కర్లేదు.

చివరగా ఒక నమూనా పేజీ కట్టండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. శీర్షికలు, మీటలు, ధరల పట్టిక, ఆర్డర్ ఫారం, తప్పు నంబరు కొడితే వచ్చే ఎర్ర సందేశం, అన్నీ ఒకేచోట. మామూలు మాటలు కాకుండా కష్టమైనవి పెట్టండి. నా పేజీలో ఉన్నవి ఇవి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, కృష్ణుడు, తీర్థం, జ్యోత్స్న. పక్కనే ₹480, ₹1,250. థీమ్ సంఖ్య మారిన ప్రతిసారీ ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్లో, ఒక ఐఫోన్లో, దుకాణం గల్లాపెట్టె దగ్గరున్న కంప్యూటర్లో ఆ పేజీ తెరుస్తాను. థీమ్-4లో "జ్యోత్స్న" కింది వత్తు ఆ కంప్యూటర్లో పట్టిక గీతకి తగిలింది. పట్టికలో వరసల ఎడం 1.6 నుంచి 1.8కి పెంచి థీమ్-5 చేశాను. ప్రస్తుతం మూడు సైట్లూ దాని మీదే నడుస్తున్నాయి.